థ్రిల్లర్ నవల: పాత్రలు, కథన పద్ధతులు

ముంచుకొస్తున్న ప్రమాదం చుట్టూ ఉత్కంఠతో సాగే కాల్పనిక రచనను థ్రిల్లర్ నవల అంటారు. డిటెక్టివ్ నవల ప్రధానంగా జరిగిన నేరం ఎవరిదని ఆరా తీస్తుంది. థ్రిల్లర్ జరగబోయే కీడు ఆగుతుందా అని పాఠకుణ్ణి ఆందోళనకు గురిచేస్తుంది.

పాత్రలు: అనుకోకుండా ఆపదలో చిక్కుకున్న సామాన్యుడు ప్రధానమైన నాయకరూపం. జాన్ బుకన్ ‘ది థర్టీనైన్ స్టెప్స్’ (1915)లో రిచర్డ్ హానే ఇందుకు చక్కని ఉదాహరణ. అతని ఫ్లాట్‌లో హత్య జరుగుతుంది. అటు పోలీసులు, ఇటు గూఢచారులు అతన్ని వెంటాడతారు. నాయకుడికి దీటైన తెలివిగల ప్రతినాయకుడు, నమ్మించి మోసగించే మిత్రుడు కూడా తరచూ కనిపిస్తారు. పాట్రీషియా హైస్మిత్ ‘ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ (1955)లో హంతకుడే కథానాయకుడు.

కథన పద్ధతులు: గడువు, వేట, ఊహించని మలుపు, ఉత్కంఠ దగ్గర ఆగే అధ్యాయం ముఖ్యమైనవి. ఫ్రెడరిక్ ఫోర్సైత్ ‘ది డే ఆఫ్ ది జాకాల్’ (1971)లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి కిరాయి హంతకుడు చేసే ఏర్పాట్లు, పోలీసు అధికారి లెబెల్ గాలింపు సమాంతరంగా నడుస్తాయి. డిగాల్ హత్యకు గురికాలేదని పాఠకుడికి ముందే తెలుసు. అయినా ఉత్కంఠ సడలదు. ఫలితం కన్నా అది ఎలా జరిగిందన్నదే పట్టు నిలుపుతుందనడానికి ఈ నవలే రుజువు.

తెలుగులో: కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పాత్రతో నేరకథకు విస్తృత పాఠకాదరణ తెచ్చారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చేతబడి భయాన్ని థ్రిల్లర్ కథనంతో మేళవించారు.