లంగరు నుంచి రేవుగోడ దాకా: తెలుగు తీరంలో ఓడల తనిఖీకి ఏర్పడిన హద్దులు

వ్యాససంగ్రహం:
రేవుకు వచ్చిన ఓడను లోపలికి అనుమతించే ముందు పరిశీలించే అధికారం రాజ్యానికి ఎప్పుడూ ఉంది. ఆ అధికారానికి ఎవరు, ఎవరి కోసం హద్దు గీశారన్న ప్రశ్నను మోటుపల్లి, మచిలీపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మోటుపల్లి శాసనం, సుంకం, షాబందరు, లంగరు, ఆరోగ్య అనుమతి, నావికులు.

1. ప్రవేశిక:
దూరదేశం నుంచి వచ్చిన ఓడ తిన్నగా రేవుగోడను చేరదు. తీరానికి ఎడంగా లంగరు వేసి అనుమతి కోసం వేచివుంటుంది. ఎవరు ఓడనెక్కవచ్చు, ఏమి అడగవచ్చు, ఎంత తీసుకోవచ్చు అన్న ప్రశ్నలు అక్కడే తలెత్తుతాయి. ఓడల తనిఖీ చరిత్రను అధికారుల చేతికి వచ్చిన సాధనాల చరిత్రగా భావించడం పరిపాటి. తెలుగు తీరపు ఆధారాలను వరుసగా చూస్తే, అధికారి చేతికి వేసిన హద్దు అంతకంటె ముఖ్యమైన అంశంగా కనిపిస్తుంది.

2. మోటుపల్లి - అందరికీ వర్తించిన హద్దు:
నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు శా.శ. 1166 (క్రీ.శ. 1244-45)లో వేయించిన శాసనం అభయశాసనంగా ప్రసిద్ధం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటిని పూర్వపు రాజులు బలాత్కారంగా లాక్కొనేవారని అది చెబుతుంది. ప్రాణం కంటె ధనమే మిన్న అని తలచి సాహసించి సముద్రయానం చేసేవారి నుంచి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాజు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పయింట ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం వంటి సరకులకు వేరువేరు రేట్లను కూడ శాసనం పేర్కొన్నది.

సరకును ఎవరు, ఎక్కడ లెక్కించేవారో శాసనం చెప్పదు. అయితే సరకుల వారీగా రేట్లు ఉన్నాయంటే తూకం, లెక్కింపు ఉండి ఉంటాయని ఊహించవచ్చు. గమనించవలసినది మరొకటి ఉంది. రేటును రాతిపై చెక్కించడం వల్ల వర్తకునికి తాను ఇవ్వవలసినది ముందే తెలుస్తుంది, అధికారికి అడగగలిగినది అంతవరకే అని తెలుస్తుంది. పైగా ఈ అభయం ఏ ఒక్క దేశపు వర్తకులకో కాక సముద్రవర్తకులందరికీ వర్తించింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. అటువంటి హామీని రాజ్యం మారినప్పుడల్లా కొత్తగా ఇవ్వవలసి ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

3. మచిలీపట్నం - కొందరికే దక్కిన హద్దు:
ఈనాటి మణికొండకు సమీపాన ఉన్న గోల్కొండ నుంచి పాలించిన కుతుబ్‌షాహీలకు ప్రధానమైన ఓడరేవు మచిలీపట్నం. తీరం వద్ద లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరకు పడవలలో ఒడ్డుకు చేరేది. రేవు వ్యవహారాలు షాబందరు, హవల్దారుల చేతిలో ఉండేవి. పదవులు ఇజారాకు పోయేవి. రాజుకు చెల్లించవలసిన సొమ్మును రాబట్టుకోవడమే పదవి కొన్న అధికారికి మొదటి లక్ష్యం. 1618-22 మధ్య మచిలీపట్నంలో నివసించిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఈ ఇజారా పద్ధతిని, దాని కాఠిన్యాన్ని వివరించాడు. ఇటువంటి చోట సుంకం కంటె అధికారితో బేరమే ముఖ్యమవుతుంది.

ఆ బేరంలో నెగ్గినవారు ఐరోపా కంపెనీలవారు. 1611లో మచిలీపట్నం చేరిన ఆంగ్లేయులు 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి బంగారు ఫర్మానా పొందారు. ఏటా 500 పగోడాలు చెల్లిస్తే గోల్కొండ రాజ్యపు రేవులలో వర్తకం చేసుకోవచ్చు. ఇదీ నిర్ణీత సుంకమే. కాని మోటుపల్లిలో అందరిదైన రక్షణ ఇక్కడ ఒక కంపెనీ సొత్తయింది. స్థానిక వర్తకుడు మాత్రం ఇజారాదారు దయకే మిగిలిపోయాడు.

4. విశాఖపట్నం - చట్టం గీసిన హద్దు:
డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున నిర్మించిన లోపలి రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ ప్రవేశించింది. అంతకుముందు ఓడలు బయటే నిలిచేవి, సరకు పడవలపై వచ్చేది. ఇరుకైన కాలువ గుండా ఓడ రేవుగోడకు చేరే ఏర్పాటు వచ్చాక, లోపలికి రాకముందే అనుమానాలు తీర్చుకోవడం మరింత అవసరమైంది. ఒకసారి లోపలికి వచ్చిన రోగమైనా, ప్రమాదమైనా ఊరికి చేరువవుతుంది.

నేడు ఓడ పసుపుపచ్చ జెండా ఎత్తి ఆరోగ్య అనుమతి కోరుతుంది. భారతీయ ఓడరేవుల ఆరోగ్య నిబంధనలు (1955) ఈ పరిశీలనకు ఆధారం. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం ప్రవేశానుమతి లేనిదే దిగుమతి సరకు దించరాదు. ఓడ భద్రత విషయంలో 1998లో కుదిరిన హిందూమహాసముద్ర ఒప్పందం సభ్యదేశాల తనిఖీలను సమన్వయపరుస్తుంది. పత్రాలు సక్రమంగా ఉంటే, స్పష్టమైన కారణం కనిపించనిదే లోతైన తనిఖీకి దిగకూడదన్నది ఈ పద్ధతిలోని సూత్రం. మోటుపల్లి రాతి మీది హద్దుకు ఇది ఆధునిక రూపం.

5. కాకినాడ - హద్దుకు పరీక్ష:
కాకినాడ లంగరు రేవులో నేటికీ పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగుతాయి, బార్జీలు సరకు చేరవేస్తాయి. 2024 నవంబరులో అక్కడి ‘స్టెల్లా ఎల్’ ఓడలో రేషను బియ్యం ఉన్నదన్న వివాదం చెలరేగింది. రెవెన్యూ, పోలీసు, పౌరసరఫరాల, కస్టమ్స్, పోర్టు శాఖలవారు కలిసి ఓడనెక్కి నమూనాలు తీయవలసివచ్చింది. పేదల బియ్యం తరలిపోకుండా చూడడం రాజ్యధర్మం. కాని ఓడను ఆపగలిగేది ఎవరు, ఎంతకాలం అన్న పాత ప్రశ్న ఈ సందర్భంలో మళ్లీ వినిపించింది.

6. ముగింపు:
ఈ నాలుగు రేవులలో తనిఖీ అవసరాన్ని ఎవరూ కాదనలేదు. తనిఖీకి ముందే ప్రకటించిన హద్దు ఉన్నచోట వర్తకునికి ధైర్యం కలిగింది, లేనిచోట బలవంతుడు తన హద్దును తాను కొనుక్కొన్నాడు. అయితే ఈ హద్దులు చాలాకాలం సరకునే కాచాయి. నావికుల జీతం, విశ్రాంతి, ఇంటికి తిరిగివెళ్లే హక్కు కూడ తనిఖీలో భాగం కావాలన్న సముద్రశ్రామిక ఒప్పందాన్ని (2006) భారతదేశం 2015లో ఆమోదించింది. అయినా 2020లో కోవిడ్ వేళ ప్రపంచమంతటా సుమారు 4 లక్షల మంది నావికులు గడువు తీరినా ఓడలు దిగలేకపోయారు. సరకుకు దొరికిన అనుమతి మనిషికి దొరకలేదు. గణపతిదేవుని శాసనం సాహసించి వచ్చినవాని ధనానికి అభయమిచ్చింది. ఆ ధనాన్ని మోసుకువచ్చే మనిషికి కూడ అంతే స్పష్టమైన అభయం రాసివ్వడం మన కాలపు రేవుల బాధ్యత.