పసికందులు, పట్టణములు: మరణముల లెక్క చెప్పు చరిత్ర

రాజుల జయాపజయములు, రాజ్యముల ఎల్లలు చరిత్ర గ్రంథములలో విరివిగా కనిపించును. ఏటికి ఎందరు పుట్టిరి, ఎందరు గిట్టిరి అను లెక్క మాత్రము అరుదుగా కనిపించును. కాని ఒక జాతి ఎట్లు జీవించినదో తెలిసికొనుటకు అంతకు మించిన సాక్ష్యము లేదు. ఇంగ్లండు దేశమున ఈ లెక్క శ్మశానవాటికలో మొదలై, చాలకాలమునకు గాని ఊయల కడకు చేరలేదు. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారు పసికందులు.

పదునేడవ శతాబ్దమున లండను నగరమునందు వారము వారము మరణ పట్టికలు అచ్చగుచుండెడివి. పేటపేటలోను ఇందుకై నియమింపబడిన వృద్ధస్త్రీలు శవమును చూచి మరణకారణమును తెలుపగా, చర్చి గుమాస్తా దానిని వ్రాసికొనెడివాడు. ప్లేగు హెచ్చుచున్నదా, తగ్గుచున్నదా అని తెలిసికొనుటయే వాని ముఖ్యప్రయోజనము. హెచ్చినచో ధనికులు నగరము విడిచి పోయెడివారు.

జాన్ గ్రాంట్ అను చిల్లరబట్టల వర్తకుడు ఆ పట్టికలను ప్రోగుచేసి, 1662లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. పట్టికలలో మృతుల వయస్సు లేదు. అతడు శైశవమున వచ్చు రోగముల పేర్లను బట్టి లెక్కవేసి, నూర్గురు పుట్టినచో 36 మంది ఆరేండ్లు నిండక మునుపే మరణించుచున్నారని అంచనా కట్టెను. లండనులో బాప్తిస్మముల కంటె ఖననములే అధికమనియు, పల్లెసీమలలో ఇందుకు విరుద్ధముగా ఉన్నదనియు చూపెను. ఐనను లండను పెరుగుచునే యుండెను. నగరము తన బిడ్డలను తానే మ్రింగి, పల్లెల బిడ్డలతో ఇల్లు నింపుకొనుచుండెనన్నమాట.

1837 నుండి ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో జనన మరణముల నమోదును ప్రభుత్వమే చేపట్టెను. ఆ శాఖలో సుమారు నలువది యేండ్లు పనిచేసిన విలియం ఫార్ అను వైద్యుడు, వేయింటికి 17 మరణములకు మించని ఆరోగ్యవంతమైన జిల్లాలను కొలబద్దగా గైకొనెను. అంతకు మించిన మరణములు దైవికములు కావు, నివారింపదగినవి అని అతని వాదము.

1842లో ఎడ్విన్ చాడ్విక్ ప్రకటించిన నివేదికలోని అంకెలు దేశమును కలవరపరచినవి. మరణించినవారి సగటు వయస్సు రట్లండు అను పల్లెసీమలోని కూలివారిలో 38 సంవత్సరములు. మాంచెస్టరు కూలివారిలో 17. లివర్‌పూలులో 15 మాత్రమే. దీనిని బట్టి మాంచెస్టరు కూలివాడు పదునేడవ యేటనే మరణించెడివాడని శ్రోతలు భావింపరాదు. అక్కడి కూలివారి బిడ్డలలో నూటికి 57 మందికి పైగా ఐదేండ్ల లోపుననే చనిపోవుచుండుటచే సగటు అంతగా పడిపోయినది. సగటు అను తెరవెనుక దాగినవి చిన్ని శవపేటికలు.

పిమ్మట చట్టములు వచ్చినవి. మరణములు వేయింటికి 23కు మించినచోట స్థానిక ఆరోగ్య మండలిని నెలకొల్పుటకు 1848 నాటి చట్టము ప్రభుత్వమునకు అధికార మొసగెను. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధము పార్లమెంటు భవనమును సైతము ఆవరింపగా, జోసెఫ్ బజాల్జెట్ రూపొందించిన భూగర్భపు మురుగు కాలువలకు ధనము లభించెను. శతాబ్దపు మధ్యకాలమున వేయింటికి సుమారు 22గా ఉన్న మరణములు, చివరి దశాబ్దమునకు సుమారు 18కి దిగినవి.

కాని విచిత్రమేమన, ఏడాది నిండని శిశువుల మరణములు తగ్గలేదు. పుట్టిన ప్రతి వేయిమందిలో సుమారు 150 మంది తొలి పుట్టినరోజును చూడకయే కన్నుమూయుచుండిరి. 1899లో ఆ సంఖ్య 163. కలరాను నగరపు పొలిమేరలోనే ఆపగలిగిన కాలువలు పూరింటి పాలసీసాను శుభ్రము చేయలేకపోయినవి. వేసవి వచ్చినంతనే వీధులలోని గుర్రపు లద్దెపై ఈగలు ముసరును; అవియే పాలపై వాలును. పొడవైన రబ్బరు గొట్టముగల సీసాను కడుగుట దుస్సాధ్యము. అతిసారముచే చనిపోయినవారిలో తల్లిపాలు త్రాగు శిశువులు బహు తక్కువ.

ఇంతకంటె పెద్ద లోపము చట్టముననే కలదు. బిడ్డ పుట్టిన వార్తను నమోదు చేయించుటకు తల్లిదండ్రులకు 42 దినముల గడువుండెను. ఆ గడువులోపల ఎందరో శిశువులు చనిపోయెడివారు. సహాయము చేయదలచినవారికి సైతము, పుట్టిన వార్తయు పోయిన వార్తయు ఒక్కసారే అందెడివి.

హడర్స్‌ఫీల్డు పట్టణపు మేయరు బెంజమిన్ బ్రాడ్‌బెంట్ ఈ లోపమును గుర్తించెను. లాంగ్‌వుడ్ పేటలో తాను మేయరుగా నుండగా పుట్టిన శిశువు ఏడాది జీవించినచో ఒక పౌను బహుమానమిత్తునని అతడు ప్రకటించెను. బహుమానము కంటె ముఖ్యమైనది, వెంటనే కబురు తెలియుట. కబురందగనే స్త్రీలు ఆ యింటికి పోయి, తల్లికి చనుబాల ఆవశ్యకతను, పరిశుభ్రతను బోధించెడివారు. 1907 నాటి చట్టము, అంగీకరించిన పట్టణములలో, జననమును 36 గంటలలో ఆరోగ్యాధికారికి తెలుపవలెనని విధించెను. 1915లో అది దేశమంతటికిని నిర్బంధమయ్యెను.

1910 నాటికి శిశుమరణములు వేయింటికి 105కు తగ్గినవి. ఈ ఫలితము ఒక్క చట్టమునకే చెందదు. 1902 నాటి శాసనముచే మంత్రసానులకు శిక్షణ ఏర్పడుట, మరుగుదొడ్లు మారుట, కుటుంబములలో కాన్పులు తగ్గుట కూడ ఇందుకు తోడ్పడినవి. ఐనను ఒక్కటి స్పష్టము. రెండున్నర శతాబ్దములు చచ్చినవారిని లెక్కించి విచారించిన దేశము, పుట్టినవారిని పుట్టిననాడే లెక్కించుట నేర్చినది. మరణపు లెక్క వలన ఎందరు పోయిరో తెలిసెను. జననపు కబురు వలన ఏ యింటి తలుపు తట్టవలెనో తెలిసెను.