అనాథశబ్దార్థము: నల్లగొండ, పాలమూరు సీమల క్రైస్తవ బాలశరణాలయములు

కొన్ని యేండ్ల క్రిందట నాయొద్ద వ్యాకరణము చదువుకొనుచుండిన యొక విద్యార్థిని సమాసప్రకరణమున అనాథశబ్దమునకు విగ్రహవాక్యము చెప్పుమని యడిగితిని. అతడు లేచి నిలిచి, నాథుడు లేనివాడెవడో వాడు అనాథుడు, ఇది నఞ్ బహువ్రీహి యని తప్పులేక చెప్పెను. పిమ్మట మెల్లగా, "అయ్యా, నాథుడనగా తండ్రియేనా?" అని ప్రశ్నించెను. ఆ బాలుడు పాలమూరు సీమలోని యొక క్రైస్తవ శరణాలయమున పెరిగినవాడనియు, పరీక్షాపత్రమున తండ్రి పేరు వ్రాయవలసిన చోట గీత గీసి యిచ్చినందున ఆ పత్రము రెండుమారులు తిరిగివచ్చెననియు నాకు తరువాత తెలిసినది. నేను అప్పుడిచ్చిన సమాధానము వ్యాకరణమునకు సరిపోయినది గాని ఆ బాలునికి సరిపోలేదు. ఆ కొఱతను తీర్చుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నాథశబ్దము 'నాథృ' ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమున దీనికి యాచ్ఞ, ఉపతాపము, ఐశ్వర్యము, ఆశీస్సు అని నాలుగర్థములు చెప్పబడినవి. వీనిలో పితృత్వము లేదు. కావున తండ్రి లేనివాడు పితృహీనుడగునే కాని, అంతమాత్రమున అనాథుడు గాడు. తెలుగున మనము 'దిక్కులేనివాడు' అనునప్పుడును ఈ యర్థమే చెప్పుచున్నాము. దిక్కనగా ఆశ్రయము, చూపు నిలుపుకొనుటకు ఒక వైపు. ఇందుకు పాలమూరు సీమయందే యొక నిదర్శనము కలదు. హైదరాబాదు కొత్వాలుగా కీర్తి గాంచిన రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు 1869లో వనపర్తి సంస్థానమునకు చేరిన రాయణిపేట గ్రామమున జన్మించిరి. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయినను బంధువులు వారిని పెంచి చదివించిరి. వారు పితృహీనులు, అనాథులు గారు. వారే 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పి, పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు తామే నాథులైరి.

అట్టి బంధుబలము లేని బాలునికి ఈ సీమలయందు దిక్కెవరు? కృష్ణానది ఈ రెండు జిల్లాల దక్షిణపుటంచున పారుచున్నను చిరకాలము మెట్టభూములకు దాని నీరందలేదు. చెరువు నిండిన పంట, నిండకున్న పస్తు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు పండితులను పోషించినవి. బ్రాహ్మణ విద్యార్థులకు వారాలును సత్రభోజనమును లభించుచుండెను. నేను చదివిన చదువును ఆ సంప్రదాయముననుండి వచ్చినదే కావున దానిని తూలనాడను. కాని మాల మాదిగ వాడలలో తల్లిదండ్రులు గతించిన శిశువునకు ఆ సత్రముల వాకిలి తెరచుకొనలేదనుట సత్యము. అట్టివానికి మిగిలినది దొరయింటి జీతము. తండ్రి చేసిన యప్పునకు కొడుకు పాలేరై పనిచేయు ఆచారమును హైదరాబాదు రాజ్యమున 'భగేలా' యనిరి. దానిని అదుపుచేయుటకు 1936లో ఒక నిబంధన పుట్టవలసివచ్చెను. తండ్రి పోయినను తండ్రి యప్పు పోలేదు. ఉపతాపమను ధాత్వర్థమునకు ఇంతకు మించిన వ్యాఖ్య యక్కఱలేదు.

ఇట్టి దేశమునకు క్రైస్తవ మిషనులు వచ్చిన క్రమమును సంగ్రహముగా చెప్పెదను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును పీడించిన ధాత కరువున ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున ఒక భాగమును గుత్తకు దీసికొని పేదలకు కూలి కల్పించిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మంది అచట బాప్తిస్మము పొందిరి. ఆ మిషనే ఉత్తరముగా నిజాము రాజ్యమునకు వ్యాపించి 1879లో హనుమకొండయందును, 1885లో పాలమూరునందును స్థావరము లేర్పఱచెను. పాలమూరునకు వచ్చినవారు ఎల్బర్టు చూట్‌గారు. ఆ పట్టణమునకు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను పేర మహబూబునగరమను నామము 1890లో కలిగినది. ఆ సంవత్సరముననే నల్లగొండలో మిషను స్థావరము వెలసినది.

నల్లగొండ స్థావరమును స్థాపించిన అబ్రహాము ఫ్రీజెన్, మరియా దంపతుల వృత్తాంతము విశేషమైనది. వారు అమెరికనులు గారు, ఆంగ్లేయులును గారు. దక్షిణ రష్యాయందు, నేటి యుక్రెయిను భూమిపై నివసించిన మెన్నొనైటు కర్షకులు. పదునాఱవ శతాబ్దిని మెన్నో సైమన్సు బోధలవలన ఏకమైన ఈ మతస్థులు ఆయుధము పట్టరు. వారి పూర్వులు జర్మను భాష మాటలాడు సేద్యగాండ్రై రష్యా చక్రవర్తుల యాహ్వానమున నల్లసముద్రమునకు ఉత్తరమున గోధుమ పండించుకొనిరి. ఫ్రీజెనుగారు హాంబర్గు నగరమున మతశాస్త్రము చదివి, 1889లో అమెరికను బాప్టిస్టు మిషను పక్షమున ఈ దేశమునకు వచ్చిరి. వారి పనికి వలయు ధనమున అధికభాగము రష్యాలోని స్వగ్రామములనుండి వచ్చుచుండెను. నల్లగొండయందు ప్రార్థనాలయము, పాఠశాల, వసతిగృహము, వైద్యశాల క్రమముగా వెలసినవి. ఆ రష్యా శాఖవారి పని తరువాత సూర్యాపేట, జనగామలకును వ్యాపించినది. 1899 మొదలు అమెరికానుండి వచ్చిన మెన్నొనైటు బ్రదరెన్ శాఖవారు నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి మొదలైనచోట్ల స్థావరము లేర్పఱచుకొనిరి.

ఈ స్థావరములలో అనాథగృహము ప్రాయికముగా వేఱొక కట్టడము గాదు. జనులు 'బోర్డింగు' అని పిలుచు వసతిగృహమే అది. తల్లిదండ్రులు లేనివారు, ఒక్కరే యున్నవారు, ఇరువురుండియు పోషింపజాలనివారు అను మూడు తెగల పిల్లలు ఒకే కప్పు క్రింద, ఒకే పంక్తియందు జొన్నన్నము తిని పెరిగిరి. ఈ కలయిక మంచిదయ్యెనని నా తలంపు. దిక్కులేని బిడ్డను ప్రత్యేకించి చూపు గోడ లేకపోయెను. ఉదయము గంట, ప్రార్థన, చదువు, తోటపని, బాలికలకు కుట్టుపని, సాయంకాలము మరల ప్రార్థన. ఇది వారి దినచర్య.

సాహిత్యపరిశోధకులు గమనింపదగిన విషయమొకటి యిచట కలదు. ఆ కాలమున హైదరాబాదు రాజ్యమున ఉర్దూ రాజభాష. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే బోధనభాష. జనసంఖ్యయందు తెలుగువారే పెక్కుమందియైనను తెలుగు బడులు విరళములు. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడుటయు, 1926లో పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించుటయు ఈ లోపమును తీర్చుటకై జరిగిన ప్రయత్నములే. అట్టి రోజులలో మిషను వసతిగృహములందు బాలబాలికలు తెలుగక్షరములే దిద్దిరి, తెలుగు గ్రంథమునే చదివిరి. వాడలలో జాబు చదివి చెప్పగలవారు, పల్లెబడి యుపాధ్యాయులు, దాదులు, స్త్రీలకు చదివి వినిపించు 'బైబిలు స్త్రీలు' ఈ యిండ్లనుండి బయలుదేరిరి. మన తెలంగాణాంధ్రోద్యమ చరిత్రలు గ్రంథాలయములను వర్ణించును. ఈ వసతిగృహముల నంతగా స్మరింపవు. ఇది న్యాయముగాదు.

ఇక యాచ్ఞ యను అర్థము. అన్నము పెట్టువాడును మఱియొకని యాచింపవలసినదే. 1914లో ఐరోపా యుద్ధమారంభమైనది. 1917లో రష్యా విప్లవము వచ్చినది. నల్లగొండకు రష్యానుండి రావలసిన ధనము నిలిచిపోయినది. అమెరికను బాప్టిస్టులు భారము వహింపకున్న ఆ స్థావరముల గతి యేమగునో ఊహింపవచ్చును. సరిగా ఆ కాలముననే, 1918లో, విషజ్వరము దేశమున కోటికి పైగా జనులను పొట్టబెట్టుకొని పెక్కు గృహములను దిక్కులేనివిగా జేసెను. ఆవల రష్యాలో అంతఃకలహము, దోపిడి, విషజ్వరములు మెన్నొనైటు గ్రామములను పాడుచేసినవి. 1921, 1922 సంవత్సరముల కరువున ఆ కర్షకులే యాకటికి మాడిరి. వారిని ఆదుకొనుటకై 1920లో అమెరికాలోని మెన్నొనైటులు ఒక కేంద్రసంఘమును స్థాపించి వంటశాలలు నడిపిరి. నల్లగొండ బిడ్డలకు అన్నము పంపిన చేతులు అన్నమునకై చాచబడినవి. నాథత్వము జాతిగుణము గాదు, ధనగుణమును గాదు. కాలమును బట్టి మాఱునట్టి యొక సంబంధమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇచట ఒక యాక్షేపమును పరిశీలింపవలెను. అన్నము పెట్టుట మతము మార్చుటకేయని మనవారు తరచు పలుకుదురు. ఆశ్రితునిపై అన్నదాతకు ఐశ్వర్యము, అనగా ప్రభుత్వము, కలుగుట నిజమే. పెక్కుచోట్ల పిల్లల పేళ్లు మాఱినవి. పోచయ్య యోహానయ్యెను, ఎల్లమ్మ మార్త యయ్యెను. కొందఱకు తమ యూరి దేవతయు, తమ వాడ పాటయు దూరమైనవి. ఎదిరింపజాలని పసివానికి ఇది స్వేచ్ఛాస్వీకారమని చెప్పజాలము. మిషనువారి నివేదికలు దీనిని విజయముగా లెక్కించినవి. నేను అట్లు లెక్కింపను.

కాని ఆక్షేపించువారు పూర్వపక్షముతోనే యాగరాదు. ఆ పిల్లవాడు భగేలా పాలేరై యున్నప్పుడు ఆక్షేపించినవారెవ్వరు? ఏ దాతయైనను తన ముద్ర వేయకుండ పోషించెనా? హైదరాబాదు చెంత సరూరునగరమున నిజాము ప్రభువిచ్చిన భవనమున ఏర్పడిన శరణాలయము విక్టోరియా రాణి పేర వెలసినది. రెడ్డి వసతిగృహము కులము పేర పుట్టి, తరువాత ఇతరులకును తావిచ్చెను. కాకినాడలో పిఠాపురము మహారాజావారి అనాథశరణాలయము బ్రహ్మసమాజ భావములలో పెరిగినది. లోపము లేనివాడు నాథుడగుననిన లోకమున నాథుడే యుండడు. ఎవని ముద్ర పడెనని యడుగుట సులభము. ఎవని వాకిలి తెరచియుండెనని యడుగుట కష్టము.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చును. మహబూబునగర స్థావరము 1937లో బాప్టిస్టులనుండి మెన్నొనైటు బ్రదరెనులకు సంక్రమించినది. 1948లో నిజాము పాలన ముగిసినది. క్రమముగా విదేశీయులు వెడలిపోగా దేశీయ సంఘములే భారము వహించినవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున ప్రభుత్వము ఆశ్రమపాఠశాలను, నేడు గురుకులమను దానిని, ప్రారంభించినది. అన్నము, వసతి, చదువు ఒకేచోట నిచ్చుట అను బోర్డింగు పద్ధతియే ఇచట మతముద్ర లేక రాజ్యధర్మమైనది. 2015 నాటి బాలన్యాయ శాసనము ప్రతి శరణాలయమును నమోదు చేయవలెననియు, బిడ్డకు కుటుంబమే ప్రథమాశ్రయము, శరణాలయము కడపటి యుపాయమనియు నిర్దేశించుచున్నది. ఇది యుక్తము. వలసకూలికై పాలమూరు జనము దూరదేశములకు తరలిన దశాబ్దములలో, తల్లిదండ్రులు బ్రతికియుండియు చెంతలేని పిల్లలు పెక్కుమంది శరణాలయములను చేరిరి. వారికి కావలసినది క్రొత్త నాథుడు గాదు, ఉన్న తల్లి దగ్గఱ నిలిచి చదువుకొనుటకు తగిన సాయము.

మిగిలినది ఆశీస్సు. ఈ యిండ్ల చరిత్రను ఇంతవఱకు దాతల పక్షమున వ్రాసిరి. బిడ్డల పక్షమున వ్రాయుటకు వారి ప్రవేశపుస్తకములే యాధారము. బిడ్డ పేరు, ఊరు, తీసికొని వచ్చినవారి పేరు వ్రాసిన ఆ పంక్తులు, వంశవృక్షము లేని కుటుంబములకు ఒక్కొక్కప్పుడు ఏకైక శాసనములు. తామ్రపత్రములను వెదకు పరిశోధకులు నల్లగొండ, మహబూబునగర, దేవరకొండ, నాగరుకర్నూలు పట్టణములలోని పాత పాఠశాలల పెట్టెలను గూడ చూడవలెను. చెదలు తామ్రమును తినవు, కాగితమును తినును.

ఆ విద్యార్థికి నేనిప్పుడు చెప్పదలచిన సమాధానమిది. నాయనా, నాథుడనగా తండ్రి గాడు. నీవు అన్నమునకై చేయి చాచిన నాడు చేయి యందించినవాడు నాథుడు. నీ పత్రమున నీవు గీసిన గీత అబద్ధము గాదు. ఆ పత్రమే సమాసమును తప్పుగా విడదీసినది. నేడు నీవు ఉపాధ్యాయుడవైతివని వింటిని. నీ తరగతియందు దిక్కులేక చూచు బిడ్డకు నీవే దిక్కగుదువు గాక.