కఱకుటమ్ము: అమెరికా వింటివేఁటలో అలుగుల చరిత్ర

బాలవ్యాకరణము చదివిన విద్యార్థులకెల్ల ‘కఱకుటమ్ము’ అను నుదాహరణము పరిచితమే. కఱకు, అమ్ము అను పదముల నడుమ టుగాగమము వచ్చుటను బోధించి గురువు ముందునకు సాగును. అమ్మునకు కఱకుఁదనమే విశేషణముగా నేల తగియున్నదను ప్రశ్న పాఠశాలలో సాధారణముగా పుట్టదు. ఆ ప్రశ్నకు సమాధానము దూరదేశపు వేఁటకాండ్ర చరిత్రయందు మిక్కిలి స్పష్టముగా లభించుచున్నది. పందొమ్మిదవ శతాబ్దియుత్తరార్ధము మొదలుకొని అమెరికా సంయుక్తరాష్ట్రములలో వింటివేఁట పునరుద్ధరింపఁబడెను. జింకకును, దానికంటె మిక్కిలి పెద్దదియగు ఎల్కు అను మృగమునకును ఎట్టి అలుగు తగునను విచారము అప్పటినుండియు నడచుచున్నది. ఆ విచారమంతయు కడకు తేల్చినది యొక్కటే: అమ్ము చంపునది తాఁకిడిచేత గాదు, కోఁతచేత. అలుగునకు గల తక్కిన గుణములన్నియు ఆ కోఁతను చేరవలసిన చోటికి చేర్చుటకై యేర్పడినవే.

ఈ భేదము లెక్కలచేత తేటపడును. 30-06 అను పేరుగల ప్రసిద్ధమైన వేఁటతుపాకినుండి వెడలు గుండునకు సుమారు 3,800 జౌళ్ల శక్తి యుండును. నేఁటి కప్పీల వింటినుండి సెకనునకు 82 మీటర్ల వేగముతో వెడలు 26 గ్రాముల అమ్మునకు ఉండునది సుమారు 87 జౌళ్లు మాత్రమే; అనఁగా గుండు శక్తిలో నలువదవ వంతైనను లేదు. గుండు దేహములో విరివియై చుట్టునున్న మాంసమును చితుకఁగొట్టును. అమ్ము అట్లు చేయఁజాలదు. అది ఊపిరితిత్తులను, గుండెను, వానిని చేరు పెద్దరక్తనాళములను కోసి నెత్తురు పోవునట్లు చేసియే ప్రాణము తీయవలెను. అంచు వాఁడిగా నున్నచో నాళము తెగును. మొద్దుగా నున్నచో నాళము ప్రక్కకు జరిగి తప్పించుకొనవచ్చును. తెగినను గాయపుటంచులు నలిగి నెత్తురు త్వరగా గడ్డకట్టును. అప్పుడు మృగము గాయముతో పరుగెత్తి, వేఁటకానికి దొరకక, పొదలలో బాధపడి చచ్చును. కావున అలుగు నెన్నుకొనుట సాధనవిచారము మాత్రమే గాక ధర్మవిచారమును అగుచున్నది.

అమెరికాలోని తెల్లవారిలో ఈ విద్యకు ఆదరము కలిగించినవారు మారిస్ థామ్సను, విల్ థామ్సను అను సోదరులు. వీరు 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధములో ఓడిన దక్షిణపక్షమున పోరాడిరి. యుద్ధానంతరము విల్లు చేపట్టి ఫ్లోరిడా యడవులలో వేఁటాడిరి. మారిస్ 1878లో ‘ది విచరీ ఆఫ్ ఆర్చరీ’ అను గ్రంథమును ప్రకటింపఁగా అది జనులలో గొప్ప యుత్సాహము పుట్టించెను. మఱుసటి యేఁడు, 1879లో, జాతీయ ధనుర్విద్యాసంఘ మేర్పడెను. ఐనను ఆ సంఘము ప్రధానముగా గుఱిపలకను కొట్టు క్రీడనే పోషించెను. గుఱిపలకకు సన్నని ములికి చాలును. కోయు అలుగుతో పనిలేదు. వేఁటయలుగు విద్యను నేర్పిన గురువు వేఱొకఁడు.

1911 ఆగస్టు 29వ తేదీని కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణమున, పశువధశాల కడ, ఆఁకటిచే కృశించిన యొక మనుష్యుఁడు కనఁబడెను. ఆతఁడు యాహి తెగవాఁడు. తనవారు తెల్లవారి తుపాకులకును, రోగములకును, కఱవునకును బలియైపోఁగా ఆతఁ డొక్కఁడే మిగిలెను. తన పేరు తాను చెప్పుకొనుట ఆ తెగ యాచారము గాదు. కావున వారి భాషలో ‘మనుష్యుఁడు’ అను నర్థము గల ‘ఇషి’ యను మాటయే యాతనికి పేరయ్యెను. మానవశాస్త్రజ్ఞులైన క్రోబరు, వాటర్మను అనువారు ఆతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలకు చేర్చిరి. అచ్చటి వైద్యకళాశాలలో శస్త్రవైద్యుఁడైన సాక్స్టను పోపు మొదట ఆతనికి వైద్యుఁడై, పిదప మిత్రుఁడై, తుదకు శిష్యుఁడాయెను.

ఇషి అబ్సిడియను అను అగ్నిపర్వతపు గాజుఱాతిని కొనతేఱిన పనిముట్టుతో ఒత్తి, పెచ్చులూడఁదీసి, చిన్న యలుగుగా మలచుచుండెను. సీసాగాజును సైతము అట్లే మలచెను. హేజెలు కఱ్ఱతో చేసిన కోలకు ఆ యలుగును మృగముల నరములతో బిగించుచుండెను. 1914 మే నెలలో క్రోబరు, వాటర్మను, పోపు మున్నగువారు ఆతనితోఁ గూడ ఆతని స్వస్థలమైన డీర్ క్రీక్ లోయకు పోయి ఆ విద్యను కన్నులార చూచిరి. జింకవేఁటకు పోవు ముందు ఇషి చేఁపలు తినఁడు, పొగ త్రాగఁడు. వేకువనే లేచి యేటిలో స్నానము చేయును. మృగమునకు తన వాసన సోఁకకుండుటకై యాతఁడు పాటించిన నియమములివి. పెదవుల నడుమ ఆకునుంచి జింకపిల్ల యఱపును అనుకరించి తల్లిని దగ్గఱకు రప్పించును. దూరమునుండి కొట్టుట కంటె దగ్గఱకు చేరుటయే ఆతని దృష్టిలో విద్య. ఆతఁడు 1916 మార్చి 25వ తేదీని క్షయరోగముచే మరణించెను. నేర్చిన విద్య మాత్రము పోపుతో నిలిచెను.

పోపు ఆ విద్యను 1918లో ‘యాహి ఆర్చరీ’ యను వ్యాసమునందు వర్ణించెను. పిమ్మట 1923లో ‘ఎ స్టడీ ఆఫ్ బోస్ అండ్ ఆరోస్’, ‘హంటింగ్ విత్ ది బో అండ్ ఆరో’ అను గ్రంథములను వెలువరించెను. శస్త్రవైద్యుఁడగుటచే కోఁతను గూర్చిన విచారము ఆతనికి సహజమే. జింకతోలు కప్పి లోపల పశువు కాలేయము నింపిన పెట్టెపై ఱాతియలుగును, ఉక్కుటలుగును ప్రయోగించి చూడఁగా ఱాతియలుగే లోతుగా చొచ్చెను. ఉక్కే సర్వోత్తమమని తలఁచువారికి ఇది యాశ్చర్యము కలిగించిన ఫలము. అబ్సిడియను పెచ్చు అంచునకు గల సన్నఁదనము అట్టిది. ఐనను గాజుఱాయి పెళుసు. ఎముక తగిలినచో విఱుగును. ఈ రెంటిని తూఁచి పోపును, ఆతని తోడివేఁటకాఁడు ఆర్థర్ యంగును వెడల్పైన ఉక్కుఱేకునే యలుగుగా గ్రహించిరి. దానిని కోలకొనకు బిగించి, వేఁటకు ముందు ఆకురాయితో పదునుపెట్టుచుండిరి. కాలిఫోర్నియా విజ్ఞానపరిషత్తు ప్రదర్శనశాల కొఱకు 1920లో యెల్లోస్టోన్ వనములో వీరు ఎలుఁగులను అట్టి యమ్ములతోనే చంపిరి. ఱాతి వాఁడికి లోహపు దార్ఢ్యమును జతచేయుటయే అప్పటినుండి అలుగు చేయువారి లక్ష్యమయ్యెను.

వింటివేఁట వ్యాపించినకొలఁది శాసనములును పుట్టెను. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము, తుపాకివేఁటతో సంబంధము లేకుండ, విండ్లకు మాత్రమే యని యొక జింకవేఁటకాలమును ఏర్పఱచెను. తక్కిన రాష్ట్రములును క్రమముగా ఆ మార్గమునే పట్టినవి. అలుగు వెడల్పు అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులకు, అనఁగా సుమారు 22 మిల్లీమీటర్లకు, తగ్గరాదని పెక్కు రాష్ట్రములు నియమించినవి. కొలరాడో రాష్ట్రము ఉక్కుతో చేసిన రెండు కోఁతయంచులైన నుండవలెనని కూడ విధించినది. గుఱిపలకను కొట్టు సన్నని ములికితో మృగమును కొట్టి, గాయపఱచి, విడిచిపెట్టుట జరుగకుండుటయే ఈ నియమముల ఉద్దేశము.

వెనుకకు తిరిగిన కొక్కెములు గల అలుగులను కూడ అనేక రాష్ట్రములు నిషేధించినవి. కొక్కెముగల యలుగు గాయములో చిక్కుకొని, ఊడిరాక, చావని మృగమునకు తీఱని బాధను కలిగించును. మనుస్మృతి సప్తమాధ్యాయము చదివిన పండితులకు ఈ నిషేధము క్రొత్తగా తోఁపదు. యుద్ధములో శత్రువులను కొట్టునప్పుడు కర్ణులనఁబడు కొక్కెపుటమ్ములను, విషము పూసిన యమ్ములను వాడరాదని అందు విధింపఁబడియున్నది. ఒకటి యుద్ధమునందలి మనుష్యులను గూర్చినది, మఱియొకటి వేఁటయందలి మృగములను గూర్చినది. ఈ రెంటికిని చారిత్రకసంబంధము లేదు. ఐనను ఆయుధముపట్ల హద్దు ఉండవలెనను వివేకము రెండు చోట్లను ఒక్కటే.

ఇంతవఱకు కోఁతను గూర్చి చెప్పఁబడినది. అలుగునకు మఱియొక చిక్కు కలదు. అమ్ము వెనుక భాగమున ఈఁకలు గాలిని పట్టి కోలను తిన్నగా నడపును. ముందుభాగమున వెడల్పైన ఱేకున్నచో అదియు గాలిని పట్టును. ఈఁకలు ఒక వైపునకు నడపఁగా అలుగు మఱియొక వైపునకు లాఁగును. వెడల్పు హెచ్చినకొలఁది కోఁత పెరుగును గాని గుఱి తప్పును. మిషిగన్ రాష్ట్రములో విండ్లు చేసిన ఫ్రెడ్ బేరు 1956లో ‘రేజర్‌హెడ్’ అను నలుగును ప్రకటించెను. అది రెండంచుల ఉక్కుటలుగు. దానికి అడ్డముగా పలుచని క్షురపుఱేకు నొకదానిని చొప్పించి నాలుగంచులు కలుగునట్లు చేయవచ్చును. 1969లో హాలిస్ అలెనునకు కప్పీల వింటిపై పేటెంటు లభించిన పిమ్మట అమ్ముల వేగము మిక్కిలి పెరిగెను. వేగము పెరుగఁగా గాలిపట్టును పెరిగి, పాత వెడల్పుటలుగుల నడక చెడెను. అందుచేత అరుగఁగానే మార్చుకొనఁదగిన చిన్నఱేకులు గల యలుగులును, పిదప 1990 ప్రాంతమునుండి, మృగమును తాఁకినప్పుడు మాత్రము ఱేకులు విచ్చుకొను అలుగులును వ్యాప్తికి వచ్చినవి. ఈ కడపటివి ముడుచుకొని యెగురుటచే గుఱికి తిన్నగా పోవును. విచ్చుకొని ఐదు సెంటీమీటర్ల వెడల్పు కోఁతను సైతము కోయఁగలవు. కాని విచ్చుకొనుటకే కొంత శక్తి వ్యయమగును. ఏటవాలుగా తాఁకినను ఎముక తగిలినను అవి తమ పని నెఱవేర్పకపోవచ్చును. కొన్ని రాష్ట్రములు వీనిని చిరకాలము అనుమతింపకుండుటకు ఈ సందేహమే కారణము.

జింకకు తగినది ఎల్కునకు తగకపోవుట ఇచ్చటనే కనఁబడును. తెల్లతోఁకజింక పోతు తఱచుగా నూఱు కిలోలకు లోఁబడియుండును. ఎల్కు పోతు మూఁడువందల కిలోలను మించవచ్చును. జింక ప్రక్కయెముకలు సన్నమైనవి. అమ్ము వానిని దాఁటి రెండవ వైపున వెడలిపోవును. కావున జింకకు వెడల్పైన కోఁతగల విచ్చుటలుగు తగునని పలువురి యభిప్రాయము. ఎల్కునకు తోలు మందము, ప్రక్కయెముకలు బలమైనవి, భుజఫలకము దృఢమైనది. దానికి వెడల్పు కంటె లోతు ముఖ్యము. ఎడ్ ఆష్బీ యను పరిశోధకుఁడు 1980 దశకములో దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతమున పెద్దమృగములపై అమ్ముల పనితీరును పరిశీలించెను. బరువైన కోల, సన్నగా పొడవైన రెండంచుల అలుగు, అంచునకు ఒక వైపుననే పెట్టిన పదును ఎముకను దాఁటుటకు అనుకూలములని యాతఁడు ప్రతిపాదించెను. బరువైన యెముకను దాఁటుటకు అమ్ము 650 గ్రెయిన్లు, అనఁగా సుమారు 42 గ్రాములు, తూఁగవలెనని యాతని మతము. సామాన్యముగా వాడఁబడు అలుగు 100 గాని 125 గాని గ్రెయిన్ల బరువుండును; అనఁగా సుమారు ఆఱున్నర గాని ఎనిమిది గాని గ్రాములు మాత్రమే. ఇంత చిన్న యుక్కుముక్కపై ఇంత విచారము నడచెను.

ఒక్కొక్క పనికి ఒక్కొక్క యలుగను భావము భారతీయులకు పాతదే. క్షురప్రము, అర్ధచంద్రము, భల్లము, వత్సదంతము, సూచీముఖము మున్నగు పేళ్లు ధనుర్విద్యా ప్రకరణములలో ప్రసిద్ధములు. పదునాలుగవ శతాబ్దికి చెందిన శార్ఙ్గధరపద్ధతి ఇట్టి యలుగులను రూపమును బట్టి లెక్కించి, ఏది యెందులకు వాడవలెనో చెప్పుచున్నది. క్షురప్రశబ్దములో క్షురమున్నది, బేరు తన యలుగునకు పెట్టిన పేరులోను క్షురమే యున్నది. ఒకరి నొక రెఱుఁగని రెండు సంప్రదాయములు ఒకే యుపమానమును పట్టుకొనుటకు కారణము, రెండును ఒకే సత్యమును చూచుటయే. దూయుటకు సూదిమొన, కోయుటకు మంగలికత్తి: అలుగుల నామకరణమంతయు ఈ రెంటి నడుమనే తిరుగుచున్నది.

భారతదేశమున 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణశాసనము వేఁటను నిషేధించినది. కావున మనకు ఈ విషయము చరిత్రజ్ఞానము మాత్రమే. అమెరికాలో వేఁట రాష్ట్రశాసనములకు లోఁబడి సాగుచున్నది. అచ్చట అనుభవజ్ఞులు చెప్పు హితవు ఇది: నాలుగంచులా, రెండంచులా, విచ్చునదా, విచ్చనిదా యను వాదమునకు ముందు, వేఁటకాఁడు తన వింటినుండి ఆ యలుగు తిన్నగా పోవుచున్నదో లేదో పరీక్షింపవలెను, ప్రయోగించు ప్రతి యలుగును పదునుపెట్టవలెను, ఊపిరితిత్తులు గుఱికి స్పష్టముగా అందనప్పుడు అమ్ము విడువరాదు. ఆకు నూఁది జింకను చేరఁబిలిచిన ఇషి పాటించినదియు దగ్గఱనుండి కొట్టవలెనను ఈ నియమమునే. పాఠశాలలో ‘కఱకుటమ్ము’ అని చెప్పినప్పుడు ఆ విశేషణము అలంకారము గాదని, అమ్ము స్వభావమంతయు అందే యిమిడియున్నదని గ్రహింపవలెను.