మిహింతలే వైద్యశాల: శిథిలాన్ని ఆధారంగా చదవడం

మల్కాపురం శాసనం గురించి మీరు వినే ఉంటారు. క్రీ.శ. 1261లో, రుద్రమదేవి పాలనాకాలంలో వేయించిన ఈ శాసనం గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణాతీరంలోని మందడం గ్రామం దానంగా లభించిన సంగతి తెలుపుతుంది. దాన ఆదాయంలో కొంత ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కేటాయించినట్లు కూడా అందులో ఉంది. శాసనం మనకు మిగిలింది. ప్రసూతిశాల గోడలు మాత్రం మిగలలేదు.

ఇందుకు భిన్నమైన స్థితిని శ్రీలంకలో చూడవచ్చు. అనురాధపురానికి తూర్పున సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిహింతలే కొండ పాదం వద్ద క్రీ.శ. 9వ శతాబ్దపు వైద్యశాల శిథిలాలు ఉన్నాయి. పునాదులు, విరిగిన రాతి స్తంభాలు, మధ్యలో ముంగిలి, దాని చుట్టూ వరుసగా చిన్న గదులు కనిపిస్తాయి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. బౌద్ధ విహారాలలోనూ ముంగిలి చుట్టూ గదులుంటాయి కదా, మరి ఇది భిక్షువుల నివాసం కాదని ఎలా చెప్పగలం? నిజమే, నిర్మాణ పథకం ఒక్కటే చాలదు. ఈ ఆవరణలో దొరికిన రాతి తొట్టిని గమనించండి. ఒకే రాతిని మనిషి ఆకారంలో తొలిచారు. తల, భుజాలు, కాళ్లు ఇమిడేలా లోపలి భాగం ఉంటుంది. రోగిని ఔషధ తైలంలోనో, కషాయంలోనో పడుకోబెట్టడానికి దీన్ని వాడి ఉంటారు. ఆయుర్వేదం చెప్పే తైలద్రోణి ఇలాంటిదే. మామూలు తొట్టిలో కంటే ఇందులో తక్కువ తైలం సరిపోతుంది. ఔషధ తైలం ఎప్పుడూ ఖరీదైనదే మరి!

రెండవ ఆధారం గ్రంథస్థం. రెండవ సేనుడు (853–887) ఈ కొండపై వైద్యశాల కట్టించాడని చూళవంశం చెబుతుంది. అయితే ఆ భాగాన్ని కూర్చినది కొన్ని శతాబ్దాల తరువాత. కాబట్టి గ్రంథంలోని వైద్యశాల, ఈ శిథిలం ఒకటేననడం బలమైన ఊహ మాత్రమే. పొలొన్నరువలో మొదటి పరాక్రమబాహు (1153–1186) కాలపు ఆలాహణ పరివేణ వైద్యశాల తవ్వకాలలోనూ ఇలాంటి తొట్టి దొరికింది. అక్కడ శస్త్రచికిత్స పరికరాలు కూడా బయటపడ్డాయి. ఈ పోలిక ఆ ఊహను మరింత బలపరుస్తుంది.

శ్రీలంకలో ఇటువంటి కట్టడాలకు 1940 నాటి పురావస్తు చట్టం రక్షణ కల్పిస్తుంది. మిహింతలేలో గోడలను పైకప్పు వరకు తిరిగి కట్టలేదు. సందర్శకులకు ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. కానీ ఊహించి కప్పు వేస్తే, రేపటి పరిశోధకుడు అసలు రాతిని, కొత్త రాతిని వేరు చేయలేడు. తొట్టిని తీసి మరోచోట పెడితే అది ఒక వింత రాయి అవుతుంది. గదుల నడుమ ఉన్నంతకాలం అది సాక్ష్యం.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. రేపు మందడంలో ఎవరో పునాది తవ్వుతుండగా పాత గదుల వరుస బయటపడిందనుకుందాం. అది ప్రసూతిశాలే అనడానికి ఏ వస్తువు దొరకాలి? మంచం, పాత గుడ్డలు, మంత్రసాని కాచిన వేడినీళ్ల కుండ, బొడ్డు కోసిన కత్తి... వీటిలో ఏడు వందల ఏళ్లకు పైగా మట్టిలో నిలిచేవి ఏవి? నిలిచినా, వాటిని ఇంటి సామాను నుంచి ఎలా వేరు చేస్తారు? పది వాక్యాలలో రాయండి.