సెలవుల్లో పిల్లల మనసు బాగలేకపోతే ఎవరిని అడగాలి?
(తల్లిదండ్రులు దాచుకోవలసిన సమాచారం)

అర్ధ వార్షిక పరీక్షలు ముగిశాక డిసెంబరు చివరి వారంలో బడికి సెలవులు వస్తాయి. జనవరిలో కొన్నాళ్ళు బడి జరిగేలోపే సంక్రాంతి సెలవులు. పిల్లలకు ఇది సంతోషమే. కానీ బడి ఉన్నప్పుడు ప్రతి బిడ్డనూ రోజూ ఒక టీచరు చూస్తారు. మధ్యాహ్నం అన్నం వదిలేసినా, ఆటకు పోకుండా మూల కూర్చున్నా ఎవరో ఒకరి కంట పడుతుంది. సెలవుల్లో ఆ చూపు ఉండదు. హోసూరు చుట్టుపక్కల మన ఇళ్ళలో తండ్రి ఫ్యాక్టరీ షిఫ్టుకు, తల్లి పూలతోటకో రాగి కోతకో పోతే బిడ్డ పగలంతా ఒంటరిగా ఉంటాడు. అందుకే ఈ నాలుగు మాటలు.

భాష ఎందుకు ముఖ్యం

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడతారు. బస్సెక్కడానికి, సరుకు కొనడానికి ఏ భాషైనా సరిపోతుంది. కానీ లోపలి బాధ చెప్పుకోవడానికి సొంత భాషే కావాలి. "బేజారుగా ఉంది", "ఏమీ తోచడం లేదు", "గుండె దడదడమంటోంది" అని అమ్మతో అనే బిడ్డ, తమిళంలో అడిగే డాక్టరు ముందు "కడుపునొప్పి" అని ఒక్క మాటతో ఊరుకుంటాడు. కడుపుకు మాత్ర ఇచ్చి పంపుతారు. అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

ఇంకో సంగతి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన బడుల పిల్లలకూ తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పిల్లల్లో కొందరికి ఆ పేపరంటేనే భయం. సెలవులు అయ్యాక అర్ధ వార్షిక మార్కులు, ఆపైన పబ్లిక్ పరీక్షలు. ఈ భయాన్ని "సోమరితనం" అని కొట్టిపారేయకండి.

గమనించవలసిన గుర్తులు

ఒకటి రెండు రోజుల అలక వేరు. కింది వాటిలో కొన్ని రెండు వారాలకు పైగా కనిపిస్తే పట్టించుకోవాలి.

- రాత్రి నిద్ర పట్టకపోవడం, లేదా పగలంతా పడుకోవడం
- తిండి బాగా తగ్గిపోవడం
- స్నేహితులను, ఇష్టమైన ఆటను వదిలేయడం
- చిన్న మాటకే ఏడుపు, కోపం
- కారణం దొరకని తలనొప్పి, కడుపునొప్పి పదే పదే రావడం

"నేను లేకపోతే మీకే మేలు" లాంటి మాట వినిపించినా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, ఒంటిపై కోసుకున్న గుర్తులు కనిపించినా రెండు వారాలు చూడవద్దు. ఆ రోజే సాయం అడగండి.

ఎలా మాట్లాడాలి

పది మంది ముందు అడగకండి. పక్కన కూర్చుని, ఏదో పని చేస్తూ అడగండి. బిడ్డ మాట పూర్తయ్యేదాకా సలహా ఇవ్వకండి. "మా కాలంలో ఇవన్నీ లేవు", "పక్కింటి పిల్ల చూడు" అన్న మాటలు ఈ సెలవుల్లో మానేయండి.

చనిపోవాలనే ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే సూటిగా, మెల్లగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడిగినవాళ్ళు ఉన్నారని తెలిస్తే బిడ్డకు కొంత బరువు దిగుతుంది. అలాంటప్పుడు బిడ్డను ఒంటరిగా వదలకండి. తోటకు వాడే పురుగుమందు ఇంట్లో ఉంచకండి, లేదా పెట్టెలో పెట్టి తాళం వేయండి. అవ్వ, తాతల బీపీ, షుగరు మాత్రలు కూడా అందకుండా పెట్టండి. ఆ క్షణం దాటితే ప్రాణం దక్కుతుంది. ఈ ఒక్క పనికి ఖర్చేమీ లేదు.

తెలుగులోనే మాట్లాడే ఫోను: 14416

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, టెలి మానస్ సేవను మొదలుపెట్టింది. నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. పగలూ రాత్రీ, పండగ రోజూ పనిచేస్తుంది. డబ్బు అక్కర్లేదు. ఇరవై భాషల్లో సేవ ఉంది, అందులో తెలుగు ఒకటి. ఫోను కలిశాక భాష ఎంచుకోమంటుంది. అక్కడ తెలుగు ఎంచుకోండి. ముందు శిక్షణ పొందిన కౌన్సిలరు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి దారి చెబుతారు. బిడ్డే మాట్లాడాలని లేదు. ఏం చేయాలో తోచని తల్లి, తండ్రి కూడా చేయవచ్చు.

ఇంట్లో గాని బయట గాని ఎవరైనా బిడ్డను కొడుతున్నా, వేధిస్తున్నా 1098కి చేయాలి. ప్రాణాపాయమైతే 108.

ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే

జిల్లా ఆస్పత్రుల్లో మానసిక వైద్యం అందించే కార్యక్రమం మన దేశంలో 1996లో మొదలైంది. దానికి ముందు 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వారు దాన్ని ప్రయోగంగా నడిపి చూసింది మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే బళ్ళారి జిల్లాలోనే. మన జిల్లాలోనూ ఈ కార్యక్రమం ఉంది. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి.

నిమ్హాన్స్ ఉన్నది బెంగళూరులో హోసూరు రోడ్డు మీదే, మనకు సుమారు 35 కిలోమీటర్లు. పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా రోగులు వస్తారు కాబట్టి తెలుగు అక్కడ కొత్త కాదు. అత్యవసర విభాగం రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది. మామూలు ఓపీ మాత్రం సెలవు రోజున ఉందో లేదో తెలుసుకుని బయలుదేరండి. పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్ళండి. బిడ్డ తెలుగులో ఏమన్నాడో ఆ మాటలే ఒక కాగితం మీద రాసుకెళ్తే ఇంకా మంచిది.

గుడికి పోవడం, దిష్టి తీయడం మీ ఇష్టం. వాటి కోసం డాక్టరు దగ్గరకు పోవడం ఆలస్యం చేయకండి. రోగిని కట్టేసే చోట ఎంతమాత్రం వదలకండి. 2001 ఆగస్టు 6న మన రాష్ట్రంలోనే ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు.

"నలుగురికీ తెలిస్తే?" అనే భయానికి చట్టం జవాబు చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందడం హక్కు, వివరాలు గోప్యంగా ఉంచడం ఆస్పత్రి బాధ్యత. గొలుసులతో కట్టడం నిషేధం. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే ఆ చట్టం చూస్తుంది. కాబట్టి కేసు భయంతో ఆస్పత్రికి ఆలస్యం చేయకండి.

ఊళ్ళో మనం చేయగలిగినవి

ధనుర్మాసం గుడి దగ్గర, క్రిస్మస్ నాడు చర్చి దగ్గర, సంఘం మీటింగులో నలుగురం కలుస్తాం. అక్కడ 14416 నంబరు ఒకసారి చెప్పండి. కాగితం మీద రాసి పాల డెయిరీ గోడకు అంటించండి.

ఈ ఏడు మనిషి పోయిన ఇంట్లో పండగ ఉండదు, ఆ ఇంటికి ఎవరూ పోరు కూడా. ఆ ఇంటి బిడ్డను మీ పిల్లలతో పాటు ఆటకు పిలవండి. బిడ్డలు బెంగళూరులో ఉండి ఒంటరిగా మిగిలిన అవ్వ, తాతల దగ్గర ఒక పూట కూర్చోండి. పెద్ద క్లాసు పిల్లలు చిన్నవాళ్ళకు రోజూ ఒక గంట తమిళం చదివించినా ఆ పేపరు భయం సగం తగ్గుతుంది.

సెలవుల్లో మీ బిడ్డ గురించి దిగులు ఉంటే క్లాసు టీచరుకు ఫోను చేయండి. సెలవని మొహమాటపడకండి. బడి తెరిచిన రోజు నాతో విడిగా మాట్లాడాలన్నా రండి. చెప్పిన మాట మా దగ్గరే ఉంటుంది. మార్కులు మార్చిలో కూడబెట్టుకోవచ్చు. బిడ్డ బడికి నవ్వుతూ తిరిగి రావడమే మాకు ముందు కావలసింది.

ప్రధానోపాధ్యాయుడు