రంగు పూత కింద దాగిన బొమ్మలు

ఉక్రెయిన్ దేశంలో డ్రోహోబిచ్ అనే చిన్న పట్టణం ఉంది. 2001 ఫిబ్రవరిలో బెంజమిన్ గైస్లర్ అనే జర్మన్ దర్శకుడు ఒక డాక్యుమెంటరీ తీయడానికి అక్కడికి వెళ్లారు. ఒక పాత భవనంలో వృద్ధ దంపతులు కాపురం ఉంటున్నారు. వాళ్లింట్లో సామాన్లు పెట్టుకునే చిన్న గది ఒకటి ఉంది. దాని గోడమీద పూసిన రంగును మెల్లగా తుడిచి చూస్తే, అడుగున బొమ్మలు కనిపించాయి. ఒక రాకుమారి, మరుగుజ్జులు, గుర్రాలు, బండి తోలే మనిషి. 1942లో గీసిన బొమ్మలవి. అంటే దాదాపు 59 ఏళ్లు రంగు పూత కిందే ఉండిపోయాయి. వాటిని గీసిన చిత్రకారుడి పేరు బ్రూనో షుల్ట్స్.

షుల్ట్స్ 1892 జులై 12న ఇదే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాన్నగారిది బట్టల కొట్టు. షుల్ట్స్ చిత్రకారుడే కాదు, పోలిష్ భాషలో గొప్ప కథా రచయిత కూడా. ఆయన రాసిన కథల పుస్తకాలు రెండే, అయినా పోలిష్ సాహిత్యంలో వాటికి పెద్ద పేరుంది. 1938లో పోలిష్ సాహిత్య అకాడమీ ఆయనకు బహుమతి ఇచ్చింది. ఇంత పేరు వచ్చినా బతుకుతెరువు కోసం ఆయన చేసింది బడిపంతులు పనే. 1924 నుంచి చాలా ఏళ్లు తన ఊరి హైస్కూల్లో డ్రాయింగ్, చేతిపనులు నేర్పించారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. షుల్ట్స్ దాదాపు జీవితమంతా ఒకే ఊళ్లో ఉన్నారు, కానీ దేశాలు మాత్రం మారుతూ పోయాయి. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పోలండ్‌లో కలిసింది. 1939లో సోవియట్ సైన్యం వచ్చింది. 1941లో జర్మన్ నాజీలు వచ్చారు. యుద్ధం అయ్యాక మళ్లీ సోవియట్ పాలన. 1991 నుంచి స్వతంత్ర ఉక్రెయిన్.

హోసూరు ప్రాంతం తెలుగు పిల్లలం కాబట్టి మనకి ఇది కొంచెం తొందరగానే అర్థమవుతుంది. మన తాతముత్తాతలు ఊరూ మారలేదు, ఇంట్లో భాషా మారలేదు. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మనం సరిహద్దుకి ఇవతల ఉండిపోయాం, అంతే. కానీ పోలిక ఇక్కడితో సరి. షుల్ట్స్ కాలంలో నాజీల చేతికి చిక్కినవాళ్లకి యూదుడిగా పుట్టడమే నేరమైపోయింది.

నాజీలు యూదులను ఘెట్టోలోకి, అంటే వాళ్లకోసం వేరుచేసిన పేటలోకి, తోసేశారు. ఫెలిక్స్ లాండావ్ అనే నాజీ అధికారి షుల్ట్స్ బొమ్మలు బాగా గీస్తారని తెలుసుకున్నాడు. తన పిల్లవాడి గది గోడలమీద కథల బొమ్మలు గీయమన్నాడు. దానికి బదులుగా తిండి, కొంత రక్షణ దొరికేవి. ప్రాణం నిలుపుకోవడానికి షుల్ట్స్ గీశారు. కానీ ఆ రక్షణ నిలవలేదు. 1942 నవంబర్ 19న మరో నాజీ అధికారి ఆయన్ని నడివీధిలో కాల్చి చంపాడు. ఆ రోజే ఆ ఊళ్లో ఇంకా చాలామంది యూదులను చంపేశారు. షుల్ట్స్ రాస్తున్న నవల కూడా దొరక్కుండా పోయింది.

యుద్ధం తర్వాత ఆ ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చారు. గోడకి రంగు వేశారు. బొమ్మల సంగతి ఊళ్లో దాదాపు అందరూ మర్చిపోయారు. ఎవరూ కావాలని దాచిపెట్టలేదు. కాకపోతే ఆ బొమ్మలను గుర్తుపట్టాల్సిన యూదులు అప్పటికి ఆ ఊళ్లో దాదాపు లేరు. గుర్తుంచుకునే మనుషులు లేకపోతే గోడమీద బొమ్మ కూడా మాయమైపోతుందని నాకు ఇక్కడే తెలిసింది.

గైస్లర్ తీసిన 'ఫైండింగ్ పిక్చర్స్' డాక్యుమెంటరీ 2002లో వచ్చింది. అయితే ఈలోపే గొడవ మొదలైంది. బొమ్మలు బయటపడిన కొన్ని నెలలకే, 2001 మే నెలలో, యాద్ వాషెం ప్రతినిధులు వచ్చి గోడమీద నుంచి కొన్ని భాగాలను ఊడదీసి జెరూసలేం తీసుకెళ్లారు. యాద్ వాషెం అంటే నాజీలు చంపిన యూదుల స్మృతి కోసం ఇజ్రాయెల్ నడుపుతున్న సంస్థ. షుల్ట్స్‌ని యూదుడనే చంపారు, కాబట్టి ఆ బొమ్మలను కాపాడే నైతిక హక్కు మాదే అని వాళ్ల వాదన. మా దేశ వారసత్వాన్ని మాకు చెప్పకుండా ఎలా తీసుకెళ్తారని ఉక్రెయిన్‌లో కోపం వచ్చింది. ఆయన మా భాషా రచయిత అని పోలండ్ వాళ్లూ బాధపడ్డారు.

చివరికి 2008లో ఒక ఒప్పందం కుదిరింది. బొమ్మలు ఉక్రెయిన్ సొత్తే, కానీ 20 ఏళ్లపాటు యాద్ వాషెంలో అరువుగా ఉంటాయి. 2009 నుంచి అక్కడ జనం వాటిని చూస్తున్నారు. మిగిలిన ముక్కలు డ్రోహోబిచ్ మ్యూజియంలో ఉన్నాయి.

నాకైతే ముగ్గురి మాటలోనూ కొంత నిజం కనిపిస్తుంది. ఆయన యూదుడు, పోలిష్ రచయిత, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఊరివాడు. మూడింట్లో ఏ ఒక్కటి తీసేసినా షుల్ట్స్ మిగలరు. అయినా చెప్పకుండా ఊడదీసి తీసుకెళ్లడం సరైన పని కాదనే అనుకుంటున్నాను. కాపాడాలనుకున్నవాళ్లే గోడని ముక్కలు చేశారు. 2008 ఒప్పందంలా ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే బొమ్మలన్నీ ఒకేచోట ఉండేవేమో. అలాగే ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ బొమ్మలు మావి మావి అన్నవాళ్లలో అంతకుముందు ఎంతమంది ఆ గోడని వెతుక్కుంటూ వెళ్లారు?

ఆ బొమ్మల్లో ముఖాలు షుల్ట్స్‌కి తెలిసినవాళ్ల ముఖాలే అంటారు. బండి తోలే మనిషి ముఖంలో ఆయన పోలికలే కనిపిస్తాయని చూసినవాళ్లు చెప్తారు. వీధిలో ధైర్యంగా నడిచే హక్కు కూడా లేని డ్రాయింగ్ మాస్టారు, తనని బానిసలా చూసిన అధికారి ఇంటి గోడమీదే కళ్లేలు పట్టుకుని గుర్రాలను తోలుకుంటూ కూర్చున్నారు. ఎన్ని పూతలు పూసినా ఆయన ఆ బండి దిగలేదు.